నొప్పించకుండా సామెత వెయ్యడం ఎలా?

హైస్కూల్లో తెలుగు చెబుతాను. సామెత లేకుండా నాకు పూట గడవదు. మనిషి బుద్ధిలో ఎన్ని వంకర్లున్నాయో అన్నిటికీ మనవాళ్ళు ఎప్పుడో సామెత కట్టేశారు. 1868లోనే కెప్టెన్ కార్ అనే దొర మద్రాసులో వాటిని పోగుచేసి అచ్చు వేయించాడు. అంత సొత్తు ఉండి కూడా వాడడం చేతకాక మనుషుల్ని దూరం చేసుకుంటున్నాం.

ముందు ఏరుకోండి. కులాన్ని, ఆడవాళ్ళని, అవిటితనాన్ని ఎత్తిపొడిచే సామెతలు బోలెడు. ఎంత పాతవైనా వాటిని నోటికి రానివ్వొద్దు.

వేసేటప్పుడు సగంలో ఆపండి. ఆట ఓడిపోయి వచ్చిన పిల్లలు "బ్యాట్ బాలేదు టీచర్" అంటే, "ఆడలేక..." అని ఊరుకుంటాను. "మద్దెల ఓడు!" అని వాళ్ళే అందుకుని నవ్వేస్తారు. మనమే పూర్తిచేసి, పైగా అర్థం కూడా వివరిస్తే అది తిట్టయిపోతుంది.

"గురివింద గింజ తన నలుపెరగదు" అని చెప్పాలంటే మాత్రం గింజే చూపించండి. ఒళ్ళంతా నిగనిగలాడే ఎరుపు, ఒక కొసన నల్లమచ్చ. ఎండి పగిలిన కాయలో చూడండి, గింజ కాయకు అతుక్కుని ఉండేది ఆ మచ్చ వైపే. ఎరుపంతా మనకు కనిపిస్తూ ఉంటుంది, నలుపేమో లోపలికి తిరిగి ఉంటుంది! పూర్వం కంసాలులు బంగారం తూచిందీ ఈ గింజలతోనే. ఒకరి విలువ తూచేవాళ్ళకు ఈ సామెత ఎంత బాగా అతికిందో! ఒక్క జాగ్రత్త: గురివింద గింజ విషం, నమిలితే ప్రాణానికే ముప్పు. పిల్లలకు చూపించాక లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి.

అత్తగారితోనో పై ఆఫీసరుతోనో అయితే "మీకు" అనకండి. "మనందరికీ పొరుగింటి పుల్లకూరే రుచి కదండీ" అంటే వాళ్ళూ నవ్వుతారు. అప్పుల టెన్షన్‌లో ఉన్నవాళ్ళ దగ్గర, చావు జరిగిన ఇంట్లో అసలు వద్దు. నలుగురిలో ఒకరి మీద వెయ్యడం కూడా నాకు నచ్చదు, ఆ నవ్వులో మనిషి ఒంటరైపోతాడు.

ఎవరైనా మీ మీదే వేస్తే ఎదురు సామెత వెతక్కండి. "ఏ విషయంలో అన్నారండీ?" అని నెమ్మదిగా అడగండి. సామెత చాటున దాచుకున్న అసలు బాధ చాలామంది అప్పుడే బయటపెడతారు.