తొడ లోపలి కండరాల్లో ఏది పట్టేసిందో ఎలా తెలుసుకోవాలి?

అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కి కొండకు వెళ్లొచ్చిన మర్నాడు, బాసింపట్టు వేసుకుని కూర్చోబోతే చాలామందికి తొడ లోపలి వైపు పట్టేసినట్టు ఉంటుంది. వెంటనే కాళ్లు బార్లా చాపి సాగదీయడం మొదలుపెడతారు. కానీ అక్కడున్నది ఒక్క కండరం కాదు. తుంటి ఎంత మడిచామన్నదాన్ని బట్టి టెన్షన్ ఒక కండరం నుంచి ఇంకో కండరానికి మారుతుంది. టెన్షన్ అంటే మనం బిగపట్టేది కాదు, సాగినప్పుడు కండరం దానంతట అదే వెనక్కి లాగే లాగుడు.

తొడలను దగ్గరికి చేర్చే కండరాలు ముఖ్యంగా ఐదు. పెక్టీనియస్, అడక్టర్ లాంగస్, అడక్టర్ బ్రెవిస్ గజ్జల దగ్గర, ముందు వైపు ఎముక నుంచి మొదలవుతాయి. తొడ వెనక్కి వెళ్లేకొద్దీ ఇవి సాగుతాయి. అడక్టర్ మాగ్నస్ వెనక భాగం మనం ఆనించి కూర్చునే ఎముక దగ్గర మొదలవుతుంది కాబట్టి తుంటి ముందుకు మడిస్తే సాగుతుంది. మోకాళ్ల పర్వతం దగ్గర ఒంటిని పైకి లేపడంలో దీని సాయం చాలా ఉంటుంది. ఐదోది గ్రాసిలిస్. ఇదొక్కటే మోకాలు కూడా దాటి వెళ్తుంది, మోకాలు మడిస్తే వదులవుతుంది.

1. మంచం అంచున వెల్లకిలా పడుకోండి. ఇంట్లో ఒకరిని మడమ పట్టుకుని కాలు తిన్నగా ఉంచి మెల్లగా పక్కకు జరపమనండి. ఆగిన చోట, తొడ కింద చేయి ఆనించి, మోకాలు మడిచి పిక్కను కిందికి వేలాడనివ్వండి. ఇప్పుడు తొడ ఇంకా పక్కకు వెళ్లిందంటే అడ్డుపడుతున్నది గ్రాసిలిసే.

2. దుప్పటి మడిచి మోకాళ్ల కింద వేసుకుని, చేతులు నేలకు ఆనించి వంగండి. కొంచెం లాగుడు తెలిసేదాకా మోకాళ్లు దూరం జరపండి. ఇక వాటిని కదపొద్దు. పిరుదులను మడమల వైపు నెమ్మదిగా జరపండి. తుంటి మడత పెరిగి, లాగుడు తొడ లోపల వెనక వైపుకు వస్తుంది. అది మాగ్నస్. తర్వాత మోచేతుల మీదికి వచ్చి, ఒంటిని ముందుకు జరిపి తుంటిని నేల వైపు దించండి. ఈసారి లాగుడు గజ్జల దగ్గరికి చేరుతుంది. మోకాళ్ల మధ్య దూరం అంతే ఉన్నా పట్టు చోటు మారింది! నాకు తెలిసి తుంటి సంగతి ఇంత స్పష్టంగా చూపించే పద్ధతి ఇంకోటి లేదు.

వెనక్కి జరిగేటప్పుడు నడుము గుండ్రంగా వంగిందంటే అక్కడే ఆగండి. నడుము వంగితే కటి, అంటే నడుము కింది ఎముకల గూడు, వెనక్కి తిరుగుతుంది, తుంటి మడత తగ్గిపోతుంది. ఎంతో దూరం వెళ్లామనిపిస్తుంది గానీ కండరం సాగదు. వీపు మీద ఒకరిని అరచేయి పెట్టమంటే ఇట్టే తెలిసిపోతుంది.

3. ఎక్కువ పట్టేసిన భంగిమలో 30 సెకన్లు ఉండి, వదిలి, మరోసారి చేయండి. గ్రాసిలిస్ అయితే దుప్పటి మడత మీద కూర్చుని, మోకాళ్లు తిన్నగా ఉంచి కాళ్లు దూరం చాపితే చాలు. కాస్త నడిచి ఒళ్లు వెచ్చబడ్డాక చేయడం మేలు.

గజ్జల్లో ఎముకకు ఎముక నొక్కుకున్నట్టున్నా, మోకాలి లోపలి వైపు నొప్పి పుట్టినా ఆపేయండి. మెట్ల మీద జారి కండరం ఒక్కసారిగా కలుక్కుమని, కమిలిన మచ్చో వాపో కనిపిస్తే మాత్రం సాగదీయకండి. ముందు డాక్టరుకో ఫిజియోథెరపిస్టుకో చూపించుకోండి.