బోరు నీటిలో ఫ్లోరైడ్ పరీక్షకు నమూనా తీయడం

నల్గొండ వంటి జిల్లాల్లో సర్వే చేసేవారు ముందు సీసా సంగతి చూసుకోవాలి. గాజు వద్దు, 500 మి.లీ. పాలిథీన్ సీసాలే వాడండి. చేతిపంపును కనీసం 5 నిమిషాలు కొట్టాకే నీళ్లు పట్టాలి. లేదంటే గొట్టంలో నిలిచిన నీరే వస్తుంది. అదే నీటితో సీసాను మూడుసార్లు కడిగి నింపండి. బోరు గుర్తు, తేదీ, సమయం అక్కడికక్కడే చెరగని సిరాతో రాయండి. తర్వాత రాద్దామనుకుంటేనే సీసాలు తారుమారవుతాయి.

నమూనా నిల్వ కోసం ఆమ్లం కలపనక్కర్లేదు, 28 రోజుల్లోపు పరీక్షిస్తే చాలు.

ఎలక్ట్రోడ్‌తో కొలిచేటప్పుడు మాత్రం నమూనాకీ, ప్రామాణిక ద్రావణాలకీ (ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసినవి), లోహాల పట్టు నుంచి ఫ్లోరైడ్‌ను విడిపించే ద్రావణమైన టిసాబ్‌ను ఒకే పాళ్లలో కలపాలి. లేకపోతే నీటిలోని అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టేసుకుని ఫలితం తక్కువగా వస్తుంది. పటికలో అల్యూమినియం ఉంటుంది కాబట్టి, దానితో శుద్ధి చేసిన నీటి విషయంలో ఇది నిజంగా ప్రమాదకరమైన పొరపాటు.

ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మి.గ్రా. దాటితే మళ్లీ నమూనా తీసి నిర్ధారించుకుని, ఆ నీళ్లు తాగే ఇళ్లకు ఫలితం తప్పక చెప్పండి.