థార్ కొనాలా, రాక్స్ కొనాలా? ముందు అమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టండి

బెంగళూరులో ఉంటూ పండక్కీ పబ్బానికీ అనంతపురం, కర్నూలు వైపు వెళ్లే మనవాళ్లకు ఈ మాట. టెస్ట్ డ్రైవ్‌కు ఒక్కరే వెళ్లకండి. ఇంట్లో పెద్దవాళ్లను వెంట తీసుకెళ్లి వెనక సీట్లో కూర్చోబెట్టండి. మూడు డోర్ల మహీంద్రా థార్ జీపులో ముందు సీటు మడిస్తే గానీ వెనక్కి ఎక్కలేం. మా అమ్మ ఒక చేత్తో చీర కుచ్చిళ్లు, ఇంకో చేత్తో సీటు పట్టుకుని, కాలు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే నిలబడిపోయింది. నాకు అక్కడే తేలిపోయింది.

అదే థార్‌కు ఐదు డోర్ల రకమైన రాక్స్‌లో ఆ ఇబ్బంది లేదు. కానీ అందులో నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే ఫోర్ వీల్ డ్రైవ్ డీజిల్‌కే వస్తుంది, పెట్రోల్‌కు లేదు. థార్‌లోనూ వెనక చక్రాలతోనే నడిచే రకాలున్నాయి, బుక్ చేసేముందు అడగండి. మారుతీ వాళ్ల జిమ్నీలో అన్నిటికీ ఫోర్ వీల్ ఉంటుంది గానీ డిక్కీ చిన్నది, ఊరి నుంచి బియ్యం మూట తేవాలంటే వెనక సీటు మడవాల్సి రావచ్చు.

నెలనెలా పశ్చిమ కనుమల్లోని సకలేశ్‌పుర బురదలోకి దిగేవాళ్లయితే మాత్రం ఫోర్స్ కంపెనీ గూర్ఖా చూడండి. ముందూ వెనకా డిఫరెన్షియల్ లాక్‌లు ఉంటాయి, అంటే ఒకే ఇరుసు మీది రెండు చక్రాలూ కలిసి తిరిగేలా బిగించేవి. ఒక చక్రం గాల్లోకి లేచినా రెండోది బండిని లాగుతుంది.