తుప్పు తుపాకీది కాదు, బ్యాగుది: రేంజ్ కిట్ బ్యాగు సమస్యలు, పరిష్కారాలు

విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ సాధన చేసేవారి సామగ్రికి చిన్న చిన్న మరమ్మతులు చేయడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న పని. తుప్పు పట్టిందని, గుండ్లు ఒక చోట పడడం లేదని, సైటు (గురి చూసే భాగం) కదిలిపోయిందని తుపాకీని చేతిలో పెట్టుకుని వస్తారు. బ్యాగు ఏదండీ అని అడిగితే, దానితో ఏం పని అన్నట్టు చూస్తారు. తుపాకీ రేంజిలో, అంటే కాల్పుల సాధన చేసే చోట, గడిపేది రోజుకు రెండు గంటలు, బ్యాగులో గడిపేది ఇరవై రెండు గంటలు. కాబట్టి నా దగ్గరకు వచ్చేవారు బ్యాగును కూడా తీసుకురావాలి. అంతకంటే ముందు దాన్ని ఇంట్లోనే పూర్తిగా బోర్లించి, ఖాళీ చేసి, లోపల చేయి పెట్టి చూడాలి. ఈ ఒక్క పని చేసినవారిలో చాలామందికి నా దగ్గరకు వచ్చే అవసరమే ఉండదు.

తుపాకీని ఖాళీగా ఉంచడం, గొట్టం ఖాళీ అని చూపే సేఫ్టీ ఫ్లాగ్‌ను అందులో పెట్టడం, పని అయ్యాక తుడవడం పాఠకులకు తెలుసుననే అనుకుంటున్నాను. ఇక్కడ చెప్పేది ఆ తర్వాతి సంగతులు.

లక్షణం: తుడిచి, నూనె రాసి పెట్టిన తుపాకీ మీద వారం తిరక్కుండానే తుప్పు చుక్కలు

అందరూ మొదట అనుమానించేది నూనెను. ఆ తర్వాత తుపాకీ తయారీని. నేనూ అదే వరుసలో వెళ్లి దెబ్బతిన్నాను కనుక ఈ కారణాన్ని కొంచెం వివరంగా చెబుతాను.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తర్వాత కొన్నాళ్లపాటు మా వైపు జనం సాధన మాట మరచిపోయి, ఇళ్లు చక్కబెట్టుకునే పనిలో పడ్డారు. నా పిస్టల్ బ్యాగులోనే ఉండిపోయింది. పెట్టేముందు శుభ్రంగా తుడిచాను, నూనె కూడా రాశాను. తీసి చూసేసరికి గొట్టం మీద ఒక పక్కనే చుక్కలు చుక్కలుగా తుప్పు కనిపించింది. తుపాను గాలి తేమ అనుకుని తుడిచేశాను. నెల తర్వాత మళ్లీ అదే చోట వచ్చింది. నూనె మార్చాను, మళ్లీ వచ్చింది. ఇంకొక నూనె తెప్పించాను, అదీ అంతే. మూడో నూనె డబ్బా సగం అయ్యాక గాని ఆ చుక్కలు ఒకదానికొకటి సరిగ్గా సమాన దూరంలో ఉన్నాయన్న సంగతి నా కంటికి ఆనలేదు. బ్యాగు లోపలి స్పాంజి కోడిగుడ్ల అట్టలా ఎత్తుపల్లాలుగా ఉంటుంది కదా, దాని ఎత్తులు లోహాన్ని తాకే చోటల్లా ఒక చుక్క ఉంది.

ఆ స్పాంజిని అప్పటికే ఎన్నోసార్లు చేత్తో నొక్కి చూశాను, ప్రతిసారీ పొడిగానే ఉంది. మోసం అక్కడే ఉంది. నేను చూసినది మధ్యాహ్నం పూట.

జరిగేది ఇది. సాధన అయ్యాక చెమటతో తడిసిన జాకెట్టును, చేతి గుడ్డను, ఒక్కోసారి బూట్లను కూడా తుపాకీ ఉన్న అరలోనే కుక్కి జిప్పు వేస్తాము. చెమటలోని నీరు ఆరిపోతుంది గాని, ఉప్పు స్పాంజిలో మిగిలిపోతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే నీరుగా మారుతుంది. వంటింట్లో ఉప్పు డబ్బా వానాకాలంలో చెమ్మగిల్లడం చూడనివారు మన తీరంలో ఎవరూ ఉండరు. బ్యాగులోని స్పాంజికీ అదే జరుగుతుంది. రాత్రి, తెల్లవారుజామున గాలిలో తేమ పెరిగినప్పుడు స్పాంజి చెమ్మగిల్లి, ఉప్పునీటిని లోహానికి అంటిస్తుంది. ఎండ ఎక్కి గాలి పొడిబారగానే తానూ పొడిబారి, ఏమీ ఎరగనట్టు ఉంటుంది. ఇనుము తుప్పు పట్టడానికి ఇలా పదే పదే తడిసి ఆరడం కంటే అనువైనది మరొకటి లేదు. మనం రాసిన నూనెను సైతం ఆ స్పాంజే కొంచెం కొంచెంగా పీల్చేసుకుంటుంది.

కాబట్టి చేయి పెట్టి చూడడంతో సరిపోదు, పరీక్ష చేయాలి. ఒక ఇనుప మేకును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, చేతి చెమట అంటకుండా గుడ్డతో పట్టుకుని, తుపాకీ ఆనే చోట స్పాంజి మీద పెట్టి జిప్పు వేయండి. అలాగే సిద్ధం చేసిన ఇంకొక మేకును అదే గదిలో, బ్యాగు బయట, కాగితం మీద పెట్టండి. తుపాకీ ఆ రెండు రాత్రులు వేరే చోట ఉండాలి. మూడో రోజు ఉదయమే, మధ్యాహ్నం కాకముందు, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. బయటి మేకు కంటే లోపలిది ఎర్రబడితే దోషి బ్యాగే. రెండూ సమానంగా ఎర్రబడితే గదిలోనే చెమ్మ ఉంది, బ్యాగును గోడ వారనుంచి, నేల మీదనుంచి తీసి అలమరలో పెట్టుకోవాలి. జింకు పూత ఉన్న మేకు ఈ పరీక్షకు పనికిరాదు, మామూలు ఇనుప మేకే కావాలి.

బ్యాగే దోషి అని తేలితే ఆ స్పాంజిని కత్తిరించి పారేయండి. ఉతికి ఆరబెట్టి వాడుకుంటామనేవారు ఉంటారు. మంచినీళ్లలో నాలుగైదు సార్లు పిండితే ఉప్పు చాలావరకు పోతుంది నిజమే, కానీ మందపాటి స్పాంజి లోపలి దాకా ఆరడానికి మన వాతావరణంలో రోజులు పడుతుంది, మళ్లీ నెలకు కథ మొదటికి వస్తుంది. దాని స్థానంలో నీటిని పీల్చని రకం షీటు వేయించండి. చెప్పుల అడుగులకు, యోగా చాపలకు వాడే ఈవీఏ షీటు అలాంటిదే. ఒక చిన్న ముక్కను రాత్రంతా నీటిలో ముంచి ఉంచి, తుడిచి తూచితే బరువు పెరగకూడదు, కొనేముందు చేయదగిన పరీక్ష అది. అయితే ఈ షీటు నీటిని పీల్చదు కనుక తుపాకీకి, దానికి మధ్య పడిన చుక్క అక్కడే నిలిచిపోతుంది. తుపాకీని పొడిగా తుడిచి పెట్టడం తప్పదు.

కొత్త బ్యాగు కొనేవారు చూడవలసిన మొదటి విషయం కూడా ఇదే. తుపాకీ అర, బట్టల అర పూర్తిగా వేరుగా ఉండాలి. మధ్యలో ఉండేది పలుచని వలగుడ్డ అయితే అది వేరు అర కిందకు రాదు. బట్టల అరకు మాత్రం బయటి వైపు వలగుడ్డ ఉండడం మంచిదే, గాలి ఆడుతుంది. అసలు తడి జాకెట్టును వేరే సంచిలో పట్టుకుని వెళ్లడం ఇంకా మంచిది, ఆ సంచి మామూలు ఖద్దరు చేతిసంచి అయినా సరిపోతుంది. మన ఊళ్లలో రెక్సిన్‌తో కుట్టించుకునే బ్యాగులు గట్టిగానే ఉంటాయి, చవక కూడా. కాకపోతే రెక్సిన్ నుంచి గాలి ఆడదు కనుక, లోపల చిక్కుకున్న తేమకు అది జైలు లాంటిది. కుట్టించేటప్పుడు లోపలి స్పాంజి ఏ రకమో మీరే తెచ్చి ఇవ్వండి, కుట్టేవారికి వదిలేస్తే దిండ్లలో వాడే స్పాంజి వేస్తారు.

తేమను పీల్చుకునే సిలికా జెల్ పొట్లాల గురించి ఒక మాట. నారింజ రంగు గింజలు ఆకుపచ్చగా, నీలం గింజలు గులాబీగా మారితే వాటి పని అయిపోయినట్టు. వేడి చేసి తేమ పోగొడితే మళ్లీ పనికొస్తాయి. మూసిన పెట్టెలో, పొడి తుపాకీ పక్కన అవి చక్కగా పనిచేస్తాయి. తడి జాకెట్టు ఉన్న బ్యాగులో ఒక్క రాత్రికే నిండిపోతాయి. పొట్లం వేశాం కదా అని నిశ్చింతగా ఉన్నవారి తుపాకులనే నేను ఎక్కువగా చూశాను. బియ్యం మూటలు పెట్టేవారికి చేతులెత్తి దండం పెడుతున్నాను. ఆ పిండి ట్రిగ్గర్ సందుల్లోకి చేరితే తీయడం తుప్పు తీయడం కంటే కష్టం.

ఏసీ హాలులో కాల్చేవారికి ఇంకొక చిక్కు ఉంది. చల్లబడిన లోహం బయటి ఉక్కగాలిలోకి రాగానే, ఫ్రిజ్ నుంచి తీసిన సీసాకు పట్టినట్టు, దానికి నీరు పడుతుంది. అందువల్ల తుపాకీని హాలు లోపలే తుడిచి, బ్యాగులో పెట్టి, జిప్పు మూసి బయటకు రావాలి. ఇంటికి చేరాక ఒక గంట ఆగి, బ్యాగు లోపలి చలి పోయాక తెరవాలి. తెరిచిన వెంటనే తుపాకీని తీసి మరొకసారి తుడిచి, రాత్రికి బ్యాగును నోరు తెరిచి ఉంచాలి.

ఇక పట్టిన తుప్పు సంగతి. పైపై చుక్కలైతే మెత్తని గుడ్డకు నూనె అద్ది, ఓపికగా రుద్దితే పోతాయి. గరుకు కాగితం వాడితే తుప్పుతో పాటు లోహపు పైపూత కూడా పోయి, వచ్చే నెల రెట్టింపు తుప్పు పడుతుంది. నూనెను పై లోహానికే పరిమితం చేయండి. తుపాకీకి గాలిని ఒత్తి నింపి ఉంచే సిలిండర్ మూతి దగ్గరకు, గాలి నింపే చోటికి మామూలు నూనె గాని గ్రీజు గాని చేరకూడదు, అధిక పీడనంలో ఉన్న గాలితో అది అంటుకునే ప్రమాదం ఉంది.

లక్షణం: ఇంటి దగ్గర సరిగ్గా పడిన గుండ్లు, ప్రయాణం చేసి వెళ్లాక వేరే చోట పడడం

ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషనులో రైలెక్కి గాని, ఆర్టీసీ బస్సులో గాని విశాఖపట్నం పోటీకి వెళ్తాము. బ్యాగును పై అరలో పడేస్తే, దాని మీద ఇంకొకరు బియ్యం బస్తా పెడతారు. మెత్తని బ్యాగు ఆ బరువునంతా వెనుక సైటుకు అప్పగిస్తుంది. రైఫిల్ వెనుక సైటును విప్పి, గట్టి చిన్న డబ్బాలో వేరుగా తీసుకెళ్లండి. మళ్లీ బిగించేచోట, తుపాకీ మీద సైటు కూర్చునే పట్టా మీద సన్నని గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. పిస్టల్‌కు గట్టి పెట్టె తప్పదు, ఆ పెట్టెనే బ్యాగులో పెట్టాలి. బయలుదేరేముందు సైటు ఎన్ని క్లిక్కుల (సైటు మరను తిప్పేటప్పుడు టిక్కుమనే మెట్ల) దగ్గర ఉందో రాసుకోండి. చేరాక క్లిక్కులు తిప్పడానికి ముందు మరలు అలెన్ కీతో బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. వదులైన సైటును క్లిక్కులతో సరిచేయబోయి పోటీ మొత్తం దాన్నే వెంటాడుతూ గడిపినవారు ఉన్నారు.

లక్షణం: తొమ్మిది గుండ్లు ఒక చోట, పదోది ఎక్కడో

పెల్లెట్ల (ఎయిర్ గన్ గుండ్ల) డబ్బాను బ్యాగు అడుగున వేసి, దాని మీద సిలిండర్, స్పానర్ వేశారా అన్నది మొదటి ప్రశ్న. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ వెనుక అంచు పలుచని సీసం, గోటితో నొక్కినా సొట్ట పడుతుంది. డబ్బాలో ఖాళీ ఉంటే కుదుపులకు ఒకదానికొకటి కొట్టుకుంటాయి కూడా, మూత కింద మెత్తని గుడ్డ ముక్క ఒకటి వేయండి. డబ్బాకు పై అర కేటాయించండి. పెల్లెట్ల మీద తెల్లని పొడి కనిపిస్తే అది మళ్లీ చెమ్మే, పైన చెప్పిన మేకు పరీక్షకు వెళ్లండి. ఆ పొడిని ఊదకండి, ఆ డబ్బాను వాడకండి. టిఫిన్ డబ్బాను ఈ బ్యాగులో పెట్టడం ఎన్నిసార్లు చెప్పినా మానరు. సీసం విషపదార్థం, ఇడ్లీల పక్కన ఉండవలసినది కాదు.

లక్షణం: పట్టీ తెగడం, జిప్పు విడిపోవడం, భుజం నొప్పి

ఎయిర్ రైఫిల్ నిబంధనల ప్రకారం 5.5 కిలోల దాకా ఉండవచ్చు. దానికి జాకెట్టు, ప్యాంటు, బూట్లు, స్టాండు కలిపితే ఒక్క భుజం మోసే బరువు కాదు. రైఫిల్‌కు ఒక గట్టి పెట్టె, బట్టలకు వీపున వేసుకునే సంచి అని రెండుగా విడదీస్తే భుజం కుదుటపడుతుంది, తడి బట్టల సమస్యా దానితోనే పోతుంది. పట్టీ కుట్టు దగ్గర చదరం గీసి, అందులో మూల నుంచి మూలకు రెండు గీతలు కుట్టి ఉండాలి, ఒంటి గీత కుట్టు నిలవదు. జిప్పు పది నంబరుది వేయించండి. సైనికుల దుస్తుల రంగు బ్యాగులు వద్దు. రైల్వే స్టేషనులో అనవసరపు ప్రశ్నలు వస్తాయి. తుపాకీ బిల్లు, సభ్యత్వ కార్డు, లైసెన్సు అవసరమైన తుపాకీ అయితే లైసెన్సు పైజేబులోనే ఉండాలి.

లక్షణం: పోటీ దగ్గర ఏదో ఒకటి కనిపించకపోవడం

సన్నాహానికి, సైటు సరిచేసుకోవడానికి కలిపి ఇచ్చేది 15 నిమిషాలు, ఆపై 60 గుండ్లకు 75 నిమిషాలు. ఆ పావుగంటలో బ్యాగు తవ్వుకుంటూ కూర్చోకూడదు. జేబులు ఎక్కువున్న బ్యాగు మంచిదని కొంటారు, చివరికి ఏ జేబులో ఏముందో వారికే తెలియదు. నాలుగు జేబులు చాలు, ప్రతి వస్తువుకూ ఒకే చోటు ఉండాలి. సేఫ్టీ ఫ్లాగ్ మాత్రం రెండు ఉంచుకోండి.

అరుదుగా వచ్చేవి

సిలిండర్ పీడనం బ్యాగులోనే తగ్గిపోతోందంటే సాధారణంగా సీలు పోయినట్టు, బ్యాగుకు సంబంధం లేదు, నిపుణుడికి చూపించండి. ఎండలో నిలిపిన కారులో మాత్రం సిలిండర్‌ను వదలకండి. తయారై పదేళ్లు దాటిన సిలిండర్‌ను పోటీలో అనుమతించరు, తేదీ దాని మీదే ఉంటుంది. ఎలుకలు బ్యాగు కొరకడం ఒకసారి చూశాను, లోపల మరమరాల పొట్లం దొరికింది.