రూబార్బ్ పాఠాలు – 4: నూనె తేలగానే దించకండి

ఈసారి రూబార్బ్‌తో, అదే ఇక్కడ ఇంగ్లండులో మన పెరళ్లలో పెరిగే పుల్లటి కాడల మొక్కతో, జామ్ నేర్పుతానన్నాను. నేర్పుతాను కానీ, ముందు మూడో పాఠంలో పెట్టిన నిల్వ పచ్చడి సంగతి తేలాలి. పది రోజులకే బూజొచ్చిందని కొందరు రాశారు. జాడీలో పైకి నీళ్లు ఊరాయని ఇంకొందరు, పచ్చడి చారులా ఉందని మరికొందరు. చదువుతుంటే ప్రాణం ఉసూరుమంది. పెరట్లో పెంచుకున్న కాడలు కదా. బూజు పట్టినదాన్ని మాత్రం పైపైన తీసేసి వాడుకోకండి. మొత్తం పారేయండి.

రాసినవాళ్లందరిదీ ఒకటే మాట: "నూనె తేలాకే దించామండీ." పొరపాటు అక్కడే జరిగింది.

నూనె తేలడమనేది గోంగూరకి గుర్తు. అమ్మ దగ్గర, అత్తయ్య దగ్గర అలాగే నేర్చుకున్నాం. రూబార్బ్‌కి ఆ గుర్తు పనికిరాదు. వంద గ్రాముల కాడలో 93, 94 గ్రాములు నీళ్లే. నూనెలో వేసి మూత పెడితే ఐదు నిమిషాల్లో ముక్క కరిగి నీరంతా వదిలేస్తుంది. నూనె ఆ నీళ్ల మీదకొచ్చి నిలుస్తుంది. మగ్గాక తేలే నూనె వేరు, నీళ్ల మీద తేలే నూనె వేరు. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. అందుకే ఇంతమంది ఒకే చోట దెబ్బతిన్నారు.

టమాటాలోనూ ఇంచుమించు ఇంతే నీరుంటుంది. మరి అది నిల్వ ఎలా ఉంటోంది? ముక్కలు ఉప్పులో ఊరేసి, ఊట పిండి, ఎండబెడతాం కాబట్టి. గుంటూరులో ఆ పని ఎండ చేసిపెడుతుంది. యార్క్‌షైర్‌లో మే నెల ఎండని నమ్ముకుంటే ముక్క ఎండకముందే బూజు పడుతుంది. ఇక్కడ నీరంతా స్టవ్ మీదే ఇగరాలి.

నేనైతే మొదట్లో అసలు నూనే వెయ్యను. వెడల్పాటి స్టీలు గిన్నె తీసుకోండి. ఇనుప మూకుడు, అల్యూమినియం, ఇత్తడి వద్దు, ఈ పులుపుకి లోహం దిగుతుంది. ముక్కలు వేసి, చుక్క నీళ్లు పొయ్యకుండా, మూత పెట్టకుండా సన్నని సెగ మీద ఉడికించండి. మొదట పైన నురగ కట్టి గలగలా పొంగుతుంది. పావుగంటకి ఆ చప్పుడు తగ్గుతుంది. తర్వాత ముద్ద దగ్గరపడి, బుడగ ఒక్కొక్కటే "బుడుక్" మని పేలి చేతి మీదకి చిందుతుంది. అప్పట్నించీ పక్కనే నిలబడి కలపాలి. గరిటెతో అడుగున గీత గీస్తే ఆ దారి పూడిపోకుండా నిలవాలి. ఇంకా అనుమానం ఉంటే తూచండి. ఖాళీ గిన్నె బరువు ముందే రాసిపెట్టుకోండి. నేను కిలో ముక్కల్ని 400 గ్రాముల ముద్దకి తెస్తాను. 600 దగ్గర దించితే అది నాలుగు రోజుల పచ్చడి, నిల్వకి ఆగదు.

ఉప్పు కూడా పచ్చి ముక్కల బరువుకి వెయ్యకండి. దించిన ముద్దకి, వంద గ్రాములకి 11, 12 గ్రాముల చొప్పున వెయ్యండి. కారం, మెంతిపిండి, ఆవపిండి, వెల్లుల్లి, ఇంగువ తిరగమోత మూడో పాఠంలో చెప్పినట్టే. నూనె ఇప్పుడు పొయ్యండి, ముద్ద మునిగేలా. ఆ తర్వాత ఫ్రిజ్‌లోనే పెట్టండి. జాడీ ఎలా కడగాలో చెప్పను, ఆవకాయ పెట్టిన చేతులే కదా.

ఒకావిడ "ఆకు పారేస్తుంటే మనసొప్పడం లేదు, గోంగూరలా వండుకోవచ్చా" అని అడిగారు. వద్దమ్మా, ఒక్క ఆకు కూడా వద్దు. అందులో ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ, విషం. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో తిండికి కటకటగా ఉండి, ఈ ఆకు కూర వండుకోవచ్చని ఇదే దేశంలో చెప్పారు. తిని జబ్బుపడ్డవాళ్లున్నారు, ప్రాణం మీదకి తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. కంపోస్టులో వేసుకోండి, దానికేం పర్వాలేదు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు కాడ కూడా డాక్టరుని అడిగాకే తినండి.

ఇక జామ్. కిలో ముక్కలకి 900 గ్రాముల పంచదార, రెండు నిమ్మకాయల రసం, బొటనవేలంత అల్లం తురుము. ముక్కల మీద పంచదార పోసి రాత్రంతా ఉంచితే పొద్దుటికి దాని ఊటలో అదే తేలుతుంటుంది. మళ్లీ నీళ్లు వద్దు! పంచదార కరిగేదాకా సన్నని సెగ, తర్వాత పెద్ద మంట. 105 డిగ్రీలకి వస్తే చాలు. థర్మామీటర్ లేకపోతే ఫ్రిజ్‌లో చల్లబడ్డ పళ్లెం మీద చుక్క వేసి, నిమిషం ఆగి వేలితో నెట్టండి. ముడత పడితే అయినట్టే. జామ్‌ని గట్టిపరిచే పెక్టిన్ రూబార్బ్‌లో తక్కువ, అందుకే నిమ్మరసం తప్పనిసరి.

రూబార్బ్ పప్పు చేస్తే, కందిపప్పు విడిగా మెత్తగా ఉడికాకే ముక్కలు వెయ్యండి. పులుపు తగిలితే పప్పు ఉడకదు. ముక్కకి ఆరేడు నిమిషాలు చాలు.

ఇంకా మిగిలితే అంగుళం ముక్కలు కోసి, తడి తుడిచి, ట్రేలో విడివిడిగా గడ్డకట్టించి, అరకిలో చొప్పున సంచుల్లో పెట్టండి. ఏడాదికి సరిపోతాయి. పచ్చడికి తీసినప్పుడు జల్లెడలో కరగనివ్వండి. కింద దిగిన గులాబీరంగు రసం పారబొయ్యకండి. మిరియాలు, జీలకర్ర, కరివేపాకు వేసి చారు కాచుకోండి. మా ఇంట్లో పచ్చడి కన్నా దానికే గిరాకీ.

కాడల్ని కత్తితో కొయ్యకండి. కాడ మొదలు దగ్గర పట్టుకుని మెలితిప్పి లాగాలి. ఎప్పుడూ సగం కాడలు మొక్కకి వదలండి. జూన్ చివరికి ఆపేస్తే వచ్చే ఏడాదికి దుంప బలం పుంజుకుంటుంది.

అభ్యాసం: అరకిలో ముక్కలు నూనె లేకుండా ఇగరబెడుతూ, ప్రతి ఐదు నిమిషాలకీ గిన్నెతో సహా తూచి, బరువూ చప్పుడూ కాగితం మీద రాయండి. 300 గ్రాముల దగ్గర ఒక చెంచా, 200 దగ్గర ఒక చెంచా తీసి, సమంగా ఉప్పు కలిపి, రెండు గాజు గిన్నెల్లో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు దేని మీద నీళ్లు ఊరాయో చూసి, ఆ కాగితం దగ్గర పెట్టుకునే ఐదో పాఠానికి రండి.