ఒకే తప్పు, రెండు రకాల మార్కులు: పేపర్లు దిద్దే రీసెర్చ్ స్కాలర్లకు

విజయనగరంలో సిరిమాను పండుగకు ముందు వారం అది. భౌతికశాస్త్రం మిడ్ పరీక్ష పేపర్లు రెండు కట్టలు, దిద్దడానికి ఇద్దరు స్కాలర్లం. పేపర్లు పంచిన సాయంత్రం ఇద్దరమ్మాయిలు వచ్చి, "సార్, మా ఇద్దరిదీ ఒకే తప్పు కదా?" అన్నారు. ఒకరికి ఐదుకు నాలుగు, ఇంకొకరికి ఒకటి. రెండూ నా చేతి అంకెలే.

సమస్య: ఒకే తప్పుకు వేర్వేరు మార్కులు

లెక్క చిన్నదే. 20 మీటర్ల ఎత్తు నుంచి రాయిని సెకనుకు 10 మీటర్ల వేగంతో అడ్డంగా విసిరారు, ఎంత దూరంలో పడుతుంది? గురుత్వ త్వరణం 10 అనుకుంటే కాలం 4కు వర్గమూలం, అంటే 2 సెకన్లు, దూరం 20 మీటర్లు. ఇద్దరూ వర్గమూలం తీయడం మరిచి కాలం 4 అని, దూరం 40 అని రాశారు.

కారణం: దేనికి ఎన్ని మార్కులో రాసుకున్న నా స్కీమ్‌లో "కాలానికి 3, దూరానికి 2" అని మాత్రమే ఉంది. ముందు మెట్టులోని తప్పు తర్వాతి మెట్టుకు పాకితే ఏం చేయాలో లేదు. పొద్దున దిద్దిన పేపరులో దయ తలచాను, రాత్రి పదింటికి దిద్దినదానిలో తలచలేదు.

పరిష్కారం: మార్కును మెట్లుగా విడగొట్టండి. సూత్రానికి 1, విలువలు పెట్టినందుకు 1, కాలానికి 1, దూరం కనుక్కునే పద్ధతికి 2. వర్గమూలం మరిచినవారికి పోయేది ఒక్క మార్కే. కట్టలోంచి ఎలా పడితే అలా పది పేపర్లు లాగి, మార్కులు వేయకుండా చదవండి. స్కీమ్‌లో లేని తప్పులు అక్కడే బయటపడతాయి. మధ్యలో కొత్త నిర్ణయం తీసుకుంటే రాసుకుని, దిద్దినవాటికీ వర్తింపజేయండి. ఈ వెనక్కి వెళ్లే పని అందరికీ విసుగే, నాకూ విసుగే.

సమస్య: మొదటి జవాబు బాగుంటే చివరిదాకా మార్కులు కురుస్తాయి

కారణం: ఒక పేపరును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఏకబిగిన దిద్దడం. మొదటి జవాబు మీద కలిగిన అభిప్రాయం మిగతావాటి మీద పడుతుంది.

పరిష్కారం: ప్రశ్నవారీగా దిద్దండి. అందరి ఒకటో ప్రశ్న అయ్యాక కట్ట కలిపి, రెండోది మొదలుపెట్టండి. పేరు కనిపించకుండా మొదటి పేజీ వెనక్కి మడవండి. 2022 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ స్కాలర్లకు వారానికి 4 నుంచి 6 గంటలు బోధన, మూల్యాంకనం వంటి పనులు అప్పగించవచ్చు. ఆ గంటలన్నీ ఒక్క రాత్రిలో పెట్టుకోమని మాత్రం అందులో లేదు.

సమస్య: తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి వివరణ ప్రశ్నల్లో తక్కువ మార్కులు

నాకు ఎక్కువ సిగ్గు కలిగించింది ఇదే. అడ్డంగా ఉన్న వేగం ఎందుకు మారదు అన్న ప్రశ్నకు పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు, "భూమి లాగేది కిందికే, పక్కకు లాగేవారు లేరు" అన్న అర్థం వచ్చేలా విరిగిన ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాశాడు. మూడుకు ఒకటి వేశాను. పుస్తకంలోని పేరాను బట్టీ పట్టి, అసలు కారణం దాటేసిన జవాబుకు రెండున్నర పడింది.

కారణం: నునుపైన భాష చూసి విషయం తెలుసనుకోవడం.

పరిష్కారం: జవాబులో ఉండాల్సిన విషయాన్ని ముందే తెలుగులో ఒక్క వాక్యంగా రాసుకోండి. పేపరులో ఆ వాక్యాన్ని వెతకండి. భాషకు మార్కు ఉంటే ప్రశ్నపత్రంలోనే చెప్పాలి, లేకుంటే తగ్గించే హక్కు మనకు లేదు.

సమస్య: ఇద్దరు దిద్దితే రెండు కొలతలు

"లెక్కల పేపరులో తేడా ఏం వస్తుంది?" అంటారు. 1913లో అమెరికాలో స్టార్చ్, ఎలియట్ అనే పరిశోధకులు ఒకే జ్యామితి పేపరును వంద మందికి పైగా ఉపాధ్యాయులతో దిద్దిస్తే ముప్పై లోపు నుంచి తొంభై పైదాకా మార్కులు పడ్డాయి. చెరో కట్ట పంచుకోకండి, చెరో ప్రశ్న పంచుకోండి. ముందుగా ఐదు పేపర్లు ఇద్దరూ విడివిడిగా దిద్ది పోల్చండి.

సమస్య: మార్కు పెంచమని వస్తే

అడిగినవారికి మాత్రమే సరిచేస్తే అడగనివారికి అన్యాయం. ఆ ఇద్దరమ్మాయిలు వెళ్లాక కట్టంతా మళ్లీ విప్పాను. వర్గమూలం మరిచి ఒక్క మార్కుతో సరిపెట్టుకున్నవారు ఇంకా ఏడుగురు తేలారు. వారిలో ఒక్కరూ నా గదికి రాలేదు.