అపరాధ భావం లేకుండా పుస్తకాలు, పాటలు, ఆటలు కొనడం ఎలా?

పాత పుస్తకం కొంటే రచయితకు ఏమీ దక్కదేమోనని, స్ట్రీమింగ్‌లో పాట వింటే గాయకుణ్ణి మోసగించినట్లేమోనని, తగ్గింపు ధరకు వీడియో గేమ్ కొంటే దాన్ని తయారుచేసినవారి పొట్ట కొట్టినట్లేమోనని బాధపడేవారు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ఆ బాధలో నిజాయితీ ఉంది గాని లెక్క లేదు. ప్రతి కొనుగోలుకూ సమానంగా కలిగే అపరాధ భావం ఏ కొనుగోలునూ మార్చదు. మన డబ్బు ఏ దారిలో, ఎవరికి, ఎప్పుడు చేరుతుందో తెలుసుకుంటే మాత్రం, నిజంగా పట్టించుకోవలసిన నిర్ణయాలు చాలా కొద్దిగా ఉంటాయని అర్థమవుతుంది. వాటిని గుర్తించి మిగిలినవాటిని నిశ్చింతగా వదిలేయడమే ఇక్కడ చేయవలసిన పని.

ముందుగా అడగవలసిన ప్రశ్న

ఏది కొనబోతున్నా, ఆ పని చేసినవారికి ఇప్పటికే చెల్లింపు జరిగిపోయిందా, లేక మన కొనుగోలు మీద ఆధారపడి జరగబోతోందా అని ముందు చూడండి. భారీ చిత్రానికి పనిచేసిన సాంకేతిక నిపుణుల్లో చాలామంది నిర్మాణ సమయంలోనే వేతనం తీసుకుని ఉంటారు, కాబట్టి మీరు దాన్ని థియేటర్లో చూశారా ఇంట్లో చూశారా అన్నదానితో వారి సంపాదనలో వెంటనే మార్పు రాదు. పునఃప్రదర్శనలపై వాటా పొందే రచయితలు, నటుల సంగతి వేరు. 2023లో అమెరికాలో వారు చేసిన సమ్మెల్లో స్ట్రీమింగ్ ద్వారా రావలసిన ఆ వాటా ప్రధాన డిమాండ్లలో ఒకటి. అయితే అలాంటి వాటాలను నిర్ణయించేది ఒప్పందాలే తప్ప ఒక ప్రేక్షకుడు ఎంచుకున్న వేదిక కాదు. ఇలాంటి చోట మీ అపరాధ భావానికి పెద్దగా పని లేదు.

ప్రచురణ సంస్థ ద్వారా వచ్చే పుస్తకం మధ్యస్థంగా ఉంటుంది. అడ్వాన్స్ తీసుకున్న రచయితకు, ఆ మొత్తం రాయల్టీల్లో (అమ్మకాలపై రచయితకు వచ్చే వాటాల్లో) తీరేవరకు, మీరు కొన్న ప్రతికి అదనంగా ఏమీ రాదు, కానీ తర్వాతి పుస్తకానికి ఒప్పందం దొరకడం ఈ అమ్మకాల సంఖ్య మీదే ఆధారపడుతుంది. సొంతంగా ప్రచురించుకునే రచయిత, సొంతంగా పాటలు విడుదల చేసుకునే సంగీతకారుడు, ఇద్దరు ముగ్గురు కలిసి చేసిన గేమ్ ఈ వరుసలో రెండో కొసన ఉంటాయి. మీ శ్రద్ధ అంతా వెళ్ళవలసింది అక్కడికి.

పాటల విషయంలో ఉమ్మడి ఖాతా

ఎక్కువ అపార్థం ఉన్నది సంగీతంలోనే. నెలనెలా చందా కడుతున్నాం కాబట్టి మనం వినే కళాకారులకే ఆ డబ్బు పంచుతారని చాలామంది అనుకుంటారు. స్పాటిఫై వంటి సేవల్లో జరిగేది అది కాదు. చందాల నుంచి, ప్రకటనల నుంచి వచ్చిన సొమ్మంతా ఒక ఉమ్మడి ఖాతాలో చేరుతుంది. అందులో హక్కుదారులకు కేటాయించిన భాగాన్ని, మొత్తం స్ట్రీమ్‌లలో, అంటే పాటలు వినిపించిన మొత్తం సార్లలో, ఎవరి పాటల వాటా ఎంతో చూసి పంచుతారు. నెలంతా మీరు ఒకే ఒక చిన్న బృందం పాటలు విన్నా, మీ చందాలో అధిక భాగం మీరు ఒక్కసారి కూడా వినని ప్రముఖుల హక్కుదారులకు వెళ్ళవచ్చు. పైగా 2024 నుంచి స్పాటిఫైలో, గడచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీమ్‌లు దాటని పాటకు రికార్డింగ్ రాయల్టీ లెక్కలో చోటే లేదు. సౌండ్‌క్లౌడ్ అనే మరో సంగీత సేవ మాత్రం 2021లో, స్వతంత్ర కళాకారుల విషయంలో, ఒక్కొక్క శ్రోత డబ్బును ఆ శ్రోత విన్నవారికే పంచే పద్ధతిని మొదలుపెట్టింది.

దీన్నిబట్టి చేయవలసింది తేలికే. స్ట్రీమింగ్‌ను వినే సౌకర్యంగా, కొత్తవారిని కనుగొనే సాధనంగా వాడుకోండి. దాన్ని పోషణగా లెక్కించవద్దు, అలాగని నేరంగానూ భావించవద్దు. నచ్చిన కళాకారుడి ఆల్బమ్ ఒక్కటి నేరుగా కొంటే చేరే మొత్తం స్ట్రీమింగ్ ద్వారా చేరాలంటే సాధారణంగా వేల స్ట్రీమ్‌లు కావాలి. కళాకారులు తమ పాటలను నేరుగా శ్రోతలకు అమ్ముకునే వెబ్‌సైట్ బ్యాండ్‌క్యాంప్, డిజిటల్ అమ్మకాలపై 15 శాతం, వస్తువులపై 10 శాతం తీసుకుంటుంది, చెల్లింపు రుసుములు దీనికి అదనం. 2020 మార్చిలో మొదలైన ‘బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే’ రోజుల్లో ఆ సంస్థ తన వాటాను వదులుకుంటుంది, కనుక తొందర లేని కొనుగోళ్ళను ఆ రోజులకు వాయిదా వేసుకోవచ్చు. కచేరీల్లో టీషర్టులు, రికార్డులు కొనడం కూడా మంచిదే, కాకపోతే కొన్ని వేదికలు ఆ అమ్మకాల్లోనూ వాటా అడుగుతాయి.

పుస్తకాలు, గ్రంథాలయాలు

పాత పుస్తకం కొన్నప్పుడు రచయితకు రాయల్టీ రాదు, ఇందులో దాపరికమేమీ లేదు. మొదటిసారి అమ్ముడైనప్పుడే ఆ ప్రతికి రావలసినది వచ్చేసింది. ఆ తర్వాత దాన్ని అమ్ముకునే హక్కు కొన్నవారిది. రచయిత జీవించి ఉండి, పుస్తకం అచ్చులో ఉండి, మీకు స్తోమత ఉంటే కొత్త ప్రతి కొనండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా పాత ప్రతికి సంకోచించనక్కర లేదు.

గ్రంథాలయం నుంచి తెచ్చుకున్నా తప్పు చేసినట్టు భావించేవారిని చూస్తే నాకు కొంత విచిత్రంగా ఉంటుంది. ఆ ప్రతిని గ్రంథాలయం సాధారణంగా కొనే తెస్తుంది. అంతేకాక, ఎరువిచ్చిన పుస్తకాలకు రచయితలకు సొమ్ము చెల్లించే ఏర్పాటును డెన్మార్క్ 1946లోనే తెచ్చింది. బ్రిటన్‌లో 1979లో దీనికి చట్టం వచ్చింది, ఇప్పుడు మరెన్నో దేశాల్లో ఉంది. అమెరికాలో మాత్రం లేదు. ఈబుక్కుల విషయంలో చాలా ప్రచురణ సంస్థలు గ్రంథాలయాలకు కాలపరిమితితోనో, ఇన్నిసార్లు మాత్రమే ఎరువివ్వాలనే షరతుతోనో లైసెన్సు ఇస్తాయి, కనుక పాఠకులు అడిగే కొద్దీ మళ్ళీ కొనవలసి వస్తుంది. మీకు నచ్చిన పుస్తకం అక్కడ లేకపోతే తెప్పించమని దరఖాస్తు ఇవ్వడం డబ్బు ఖర్చు లేని మంచి సహాయం.

అమెజాన్ కిండిల్‌లో సొంతంగా ప్రచురించుకునే రచయితకు, ధర నిర్ణీత పరిధిలో ఉంటే 70 శాతం, లేకపోతే 35 శాతం రాయల్టీ వస్తుంది. నెలనెలా చందా కట్టి పుస్తకాలు చదువుకునే కిండిల్ అన్‌లిమిటెడ్ చందాదారుల విషయంలో చెల్లింపు చదివిన పుటల సంఖ్యను బట్టి ఉంటుంది. అంటే దింపుకుని తెరవకుండా వదిలేసిన పుస్తకం వల్ల రచయితకు ఒరిగేదేమీ లేదు.

గేమ్‌లు, వీడియోలు

కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్, సాధారణంగా అమ్మకాల్లో 30 శాతం తీసుకుంటుంది. ఒక గేమ్ ఆదాయం కోటి డాలర్లు దాటితే ఆపై వాటాను 25 శాతానికి, 5 కోట్లు దాటితే 20 శాతానికి తగ్గిస్తుంది, అంటే రాయితీ దక్కేది పెద్దవారికే. ఇచ్.ఐఓ అనే మరో గేమ్‌ల దుకాణంలో, దుకాణానికి ఎంత వాటా వదులుకోవాలో తయారీదారే నిర్ణయించుకుంటాడు. ఒకే గేమ్ రెండు చోట్లా దొరికితే ఎక్కడ కొనాలో దీన్నిబట్టి తేల్చుకోండి. తగ్గింపు ధరకు కొనడంలో తప్పేమీ లేదు, ఎందుకంటే ఆ తగ్గింపుకు ఒప్పుకున్నది సాధారణంగా తయారీదారే. జాగ్రత్త పడవలసింది ఊరూపేరూ లేని మూడో వ్యక్తుల నుంచి కొనే యాక్టివేషన్ కీల (గేమ్‌ను తెరిచే సంకేతాల) విషయంలో: వాటిని దొంగిలించిన కార్డులతో కొని ఉంటే, కార్డు సొంతదారు డబ్బు వెనక్కి తీసుకున్నప్పుడు ఆ నష్టం తయారీదారు మీద పడుతుంది.

యూట్యూబ్ నిడివైన వీడియోల ప్రకటనల ఆదాయంలో 55 శాతం, షార్ట్స్‌కు కేటాయించిన సొమ్ములో 45 శాతం వీడియో చేసినవారికి ఇస్తుంది. నెలనెలా చందాతో నేరుగా ఆదుకోదలిస్తే, ఐఫోన్ యాప్‌లో కాకుండా బ్రౌజర్‌లో కట్టండి. యాప్‌లోపలి చెల్లింపుల్లో ఆపిల్ వాటా 30 శాతం దాకా ఉండవచ్చు.

కొన్నది మీ దగ్గర ఉంటుందా?

డిజిటల్‌గా ‘కొన్నది’ చాలాసార్లు లైసెన్సు, అంటే వాడుకోవడానికి అనుమతి, మాత్రమే. 2009లో అమెజాన్, హక్కులు లేకుండా అమ్ముడైన నవలలను పాఠకుల కిండిల్ పరికరాల నుంచి దూరం నుంచే తొలగించి డబ్బు వాపసు ఇచ్చింది. 2025 జనవరి నుంచి కాలిఫోర్నియా చట్టం ప్రకారం, తీసుకుంటున్నది లైసెన్సు మాత్రమే అయినప్పుడు అమ్మకందారు ఆ సంగతి కొనేవారికి స్పష్టంగా చెప్పాలి. అందువల్ల దాచుకోవాలనుకునే వాటిని తాళం లేని (నకలు తీసుకోవడానికి అడ్డులేని) ఫైళ్ళుగా ఇచ్చే చోట కొని, నకలు భద్రపరచుకోండి. ఆటలకు గాగ్ అనే ఆన్‌లైన్ దుకాణం, పాటలకు బ్యాండ్‌క్యాంప్ అలా ఇస్తాయి. ఒక్కసారి చూసి వదిలేసేవాటికి లైసెన్సు చాలు.

మొత్తాన్ని కేటాయించుకోవడం

వీటన్నిటికీ నెలకు ఇంత అని మీ స్తోమతకు తగిన మొత్తం ఒకటి ముందే నిర్ణయించుకోండి. అందులో చందాలు, వినోదం పోగా మిగిలినదాన్ని ఇరవై మందికి చిల్లరగా పంచకుండా, మీరు లేకపోతే పని ఆగిపోయే స్థితిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఇవ్వండి, ఎందుకంటే చిన్న మొత్తాల్లో చెల్లింపు రుసుములే ఎక్కువ భాగం తినేస్తాయి. క్రమం తప్పకుండా వచ్చే కొద్దిపాటి ఆదాయం, ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద మొత్తం కంటే వారికి ప్రణాళిక వేసుకోవడానికి ఉపయోగపడుతుంది. డబ్బు ఇవ్వలేని నెలల్లో నాలుగు వాక్యాల నిజాయితీగల సమీక్ష రాసినా, మరొకరికి పరిచయం చేసినా సరిపోతుంది.

దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది కూడా ఒకటుంది: ప్రవర్తన నచ్చని వ్యక్తి పని చదవాలనో వినాలనో ఉంటుంది గాని, వారికి డబ్బు చేర్చాలని ఉండదు. అలాంటప్పుడు పాత ప్రతి కొనడం, స్నేహితుల దగ్గర అడిగి తెచ్చుకోవడం మేలు, ఎందుకంటే ఆ దారుల్లో వారికి ఏమీ చేరదు. మీరు అభిమానించేవారి విషయంలో ఏ దారి సరైనదో సందేహం వస్తే వారి సొంత వెబ్‌సైట్ చూడండి. తమ పని ఎక్కడ కొంటే తమకు మేలో చాలామంది అక్కడే రాసి పెడతారు, లేకపోతే ఒక చిన్న ఉత్తరం రాసి అడిగినా సంతోషంగా చెబుతారు.